అకిల్ దీవిలో మా ఆయన ముత్తాత ఇంటి కోసం

ఐర్లాండ్‌లో పూర్వీకుల్ని వెతకాలంటే ముందు దొరకాల్సింది ఊరి పేరు. మనిషి పేరు ఎంత బాగా తెలిసినా లాభం లేదు, ఎందుకంటే ఒక్క మేయో కౌంటీలోనే అదే పేరు అదే ఇంటిపేరు ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉంటారు. అమెరికా కాగితాల్లో ఊరి పేరు దొరకడం మహా కష్టం, సిటిజన్‌షిప్ తీసుకున్నప్పటి కాగితంలో విక్టోరియా రాణికి విధేయత వదులుకుంటున్నానని పెద్ద పేరా ఉంటుంది గానీ పుట్టిన చోటు దగ్గర ఐర్లాండ్ అని ఒక్క ముక్కే ఉంటుంది, సెన్సస్‌లో కూడా అంతే. మా ఆయన వాళ్ళకి ఊరు దొరికింది క్లీవ్‌లాండ్ శ్మశానంలో, సమాధి రాయి మీద. ముత్తాత పేరు కింద "మేయో కౌంటీ, అకిల్ వాసి" అని చెక్కి ఉంది. ఆయన ఒహాయో డెత్ సర్టిఫికెట్ తీయిస్తే అందులో అమ్మానాన్నల పేర్లు వచ్చాయి. ఈ రెండూ పట్టుకుని బయల్దేరాం. ఇంటిపేరు ఇక్కడ రాయట్లేదు, మా అత్తగారికి ఇష్టం లేదు. గాలహర్, లవెల్, కిల్‌బేన్, మాంగన్ లాంటి అకిల్ ఇంటిపేర్లలో ఒకటి అనుకోండి.

అకిల్ అనేది పడమటి తీరంలో ఉన్న దీవి. అక్కణ్ణుంచి క్లీవ్‌లాండ్‌కి ఎంతమంది వెళ్ళిపోయారంటే 2003లో ఈ రెండూ సిస్టర్ సిటీలు అయ్యాయి. వెళ్ళినవాళ్ళలో చాలామందికి కయహోగా నది ఒడ్డున ఓడల్లోంచి ఇనప ఖనిజం దించే పని దొరికింది, పెద్ద మెషీన్లు రాకముందు ఆ పని ఎక్కువగా పారలతోనే, ముత్తాత గారూ అదే చేశారు.

మొదటి రోజు, డబ్లిన్

పొద్దున్నే బిషప్ స్ట్రీట్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. రీడర్స్ టికెట్ ఫ్రీ, ఐడీ చూపిస్తే చాలు, కుటుంబ చరిత్ర వెతుక్కునేవాళ్ళకి సలహా చెప్పే డెస్క్ కూడా ఉంది, దానికీ డబ్బులు తీసుకోరు. అక్కడ కూర్చున్నామె మేం చెప్పిందంతా ఓపిగ్గా విని, ముందు ఏమేం లేవో చెప్పేస్తాను, వాటి కోసం టైం వేస్ట్ చేసుకోకండి అంది.

ఏమేం లేవంటే, 1922 జూన్ 30న సివిల్ వార్‌లో ఫోర్ కోర్ట్స్ బిల్డింగ్ దగ్గర పేలుడు జరిగి పక్కనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు మొత్తం తగలబడిపోయింది, ఏడు వందల ఏళ్ళ కాగితాలు, 1821 నుంచి 1851 దాకా తీసిన నాలుగు సెన్సస్‌లు కొద్ది ముక్కలు తప్ప అన్నీ పోయాయి. అయితే అన్నీ మంటల్లోనే పోయాయనుకుంటే పొరపాటే. 1861, 1871 సెన్సస్ ఫారాలని లెక్కలు కట్టుకున్నాక ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధం టైంలో కాగితం కొరతగా ఉందని గుజ్జు చేసేశారు. నాకైతే మంటలకంటే ఇదే ఎక్కువ బాధనిపించింది, యుద్ధంలో పోయిందంటే సరే అనుకోవచ్చు, జాగ్రత్తగా రాయించి జాగ్రత్తగా పారేయడం ఏంటసలు. కోట్లమంది అమెరికన్లూ ఆస్ట్రేలియన్లూ ఈ రోజుకీ వాళ్ళ వాళ్ళ కోసం తడుముకుంటున్నారంటే సగం కారణం ఇదే. 2022లో ఆ అగ్నిప్రమాదానికి వందేళ్ళు నిండినప్పుడు, కాలిపోయిన కాగితాలకి వేరే దేశాల్లో వేరే ఆఫీసుల్లో ఉన్న నకళ్ళు వెతికి ఆన్‌లైన్‌లో పెట్టే పెద్ద ప్రాజెక్ట్ జనానికి తెరిచారు, చాలా గొప్ప పని, కానీ మన మామూలు రైతు కుటుంబాలకి అందులో దొరికేది తక్కువ.

పూర్తిగా మిగిలిన పాత సెన్సస్‌లు 1901, 1911వి. రెండూ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, మేం ఇంట్లోనే చూశాం, అయినా ఆమె పక్కన కూర్చుని మళ్ళీ ఒక్కో గడీ చదివించింది. ముత్తాత అప్పటికే అమెరికా వెళ్ళిపోయారు, ఊళ్ళో ఉన్నది వాళ్ళమ్మ, ఒక కొడుకు, కోడలు, పిల్లలు. ఊరు డూఆ. 1901లో ఆ తల్లి వయసు 58 అని రాసి ఉంది, 1911కి వచ్చేసరికి 74. పదేళ్ళలో పదహారేళ్ళు పెరిగిందేంటి అని మా ఆయన అడిగితే ఆమె, పెన్షన్ అండీ అంది. 1909 జనవరి నుంచి డెబ్భై దాటిన ముసలివాళ్ళకి పెన్షన్ మొదలైంది, కానీ ఐర్లాండ్‌లో అందరి పుట్టుకలూ రిజిస్టర్ చేయడం 1864లో గానీ మొదలవలేదు, అంటే అప్పటి ముసలివాళ్ళెవరి దగ్గరా బర్త్ సర్టిఫికెట్ ఉండే అవకాశమే లేదు, పుట్టిన సంవత్సరం చాలామందికి నిజంగానే తెలీదు. అందుకే 1911లో దేశమంతా వయసులు అలా గెంతాయి. కొంతమంది ఋజువు కోసం 1841, 1851 సెన్సస్‌లలో తమ పేరు వెతికించుకున్నారు, అవి కాలిపోకముందు కదా, ఆ వెతుకులాట ఫారాలు మాత్రం మిగిలాయి, కాలిపోయిన పుస్తకంలో ఒక ఇంట్లో ఎవరెవరున్నారో ఈ పెన్షన్ ఫారం మీద రాసి ఉంటుంది. మా వాళ్ళ పేరు మీద వెతికాం, లేదు.

1911 ఫారంలోనే అసలు సంగతి ఇంకోటుంది. పెళ్ళైన ఆడవాళ్ళని ఆ ఏడాది కొత్తగా మూడు ప్రశ్నలడిగారు, పెళ్ళై ఎన్నేళ్ళైంది, మొత్తం ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని. వితంతువులు దానికి జవాబు చెప్పక్కర్లేదు. కానీ ముత్తాత వాళ్ళమ్మ వితంతువైనా చెప్పింది. చెప్పాక, లెక్కలు రాసుకోడానికొచ్చిన పోలీసాయన, అప్పట్లో సెన్సస్ రాసింది పోలీసులే, రూలు ప్రకారం దాని మీద గీత కొట్టేశాడు. సన్నటి గీత. దాని కింద 9, పక్కన 5, స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద సంతకం చోట ఒక ఇంటూ గుర్తు, దాని చుట్టూ పోలీసాయన చేతిరాతలో ఆవిడ పేరు. చదవడం రాదు, ఐరిష్ ఇంగ్లీషు రెండూ మాట్లాడుతుంది అని వేరే గడిలో ఉంది. మా ఆయన వాళ్ళింట్లో తెలిసింది ముత్తాత, ఆయన చెల్లెలు, ఇద్దరే. ఆ చెల్లెలు కూడా క్లీవ్‌లాండ్‌కే వచ్చింది. తొమ్మిదిమంది అనేది ఎవరికీ తెలీదు.

ఆ రాత్రి రూంలో గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరిచాను. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు దేశమంతా ఊరూరా తిరిగి ప్రతి ఇంటికీ ప్రతి పొలానికీ విలువ కట్టించాడు, పేదల పోషణ కోసం వేసే పన్ను ఎవరు ఎంత కట్టాలో తేల్చడానికి. సాగు చేసేవాడి పేరు, భూమి ఇచ్చినవాడి పేరు, విస్తీర్ణం, భూమి విలువ, ఇంటి విలువ, పక్కన మ్యాప్ నంబరు. సెన్సస్‌లు పోయాక ఐర్లాండ్‌కి 1850లలో మిగిలిన జనాభా లెక్క లాంటిది ఇదొక్కటే. మా ఆయనకి అదంతా గజిబిజిగా కనిపించింది గానీ నాకు మాత్రం చూడగానే అర్థమైపోయింది, మా తాతయ్య కరణం, 1984లో కరణాల్ని తీసేసేదాకా మా ఇంటి నిండా ఇలాంటి లెక్కలే, సర్వే నంబరు, పట్టాదారు ఎవరు, సాగుదారు ఎవరు, శిస్తు ఎంత, అడంగల్ చూసినట్టే ఉంది. వీళ్ళెవరి పేర్లూ గుర్తు పెట్టుకోడానికి ఎవరూ రాయలేదు. వసూలు చేయడానికి రాశారు. చదువు లేని, రాయి కూడా పెట్టుకోలేని మనుషులు ఇవాళ మనకి దొరుకుతున్నారంటే ఆ శిస్తు పుస్తకాల్లోనే, దానికి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియట్లేదు.

రెండో రోజు, డబ్లిన్

వర్‌బర్గ్ స్ట్రీట్‌లో జనరల్ రిజిస్టర్ ఆఫీసు రీసెర్చ్ రూం. రోజంతా ఇండెక్స్ పుస్తకాలు చూసుకోడానికి ఇరవై యూరోలు తీసుకున్నారు. నిజానికి పాత రికార్డులు, అంటే వందేళ్ళు దాటిన పుట్టుకలు, డెబ్భై అయిదేళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, యాభై ఏళ్ళు దాటిన చావులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్కాన్లతో సహా ఫ్రీగా ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. మేం వెళ్ళింది అనుమానం ఉన్న ఎంట్రీలు పుస్తకంలో పక్కపక్కన పెట్టి చూసుకుందామని.

పుట్టుకల రిజిస్టర్‌లో తల్లి పుట్టింటి పేరు రాస్తారు, మాకు దారి చూపించింది అదే. తండ్రి పేరొక్కటే పెట్టుకుని వెతికితే ఆ దీవిలో ఒకే పేరుతో ముగ్గురు తండ్రులు తేలారు, తల్లి పుట్టింటి పేరు కలిపితే ఒక్క జంటే మిగిలింది. అలా ఏడుగురు పిల్లలు దొరికారు, ముత్తాత 1868లో. సమాధి రాయి మీద ఉన్నది 1870. దానికి కంగారు పడక్కర్లేదు, అసలు ఈ రికార్డుల్లో తేదీలని మరీ నమ్మకూడదు, పుట్టుక లేటుగా రాయిస్తే ఫైన్ పడేది కాబట్టి చాలామంది తేదీని ముందుకి జరిపి చెప్పేవాళ్ళు, చర్చిలో బాప్తిజం అయ్యాక రెండు వారాలకి పుట్టిన బిడ్డలు బోలెడుమంది ఉంటారు. ముత్తాత బాప్తిజం కూడా దొరికింది, ఇంకో ఏడాది ముందు పుట్టుంటే దొరికేది కాదు, అకిల్ కేథలిక్ చర్చి రిజిస్టర్లు మొదలయ్యేదే 1867లో. తల్లిదండ్రుల పెళ్ళి 1860 ప్రాంతంలో అయ్యుండాలి, అప్పటికి చర్చి పుస్తకమూ లేదు, ప్రభుత్వ రిజిస్ట్రేషనూ లేదు. అది ఇక దొరకదు.

మధ్యాహ్నం నుంచి చావుల పుస్తకాలు. తొమ్మిదిలోంచి అయిదు తీసేస్తే నలుగురు కదా. ముగ్గురు దొరికారు. ఇద్దరు 1880లో, వారం తేడాలో, వయసు నాలుగు, రెండు. 1879, 80లలో పడమటి ఐర్లాండ్‌లో మళ్ళీ బంగాళాదుంప పంటలు పోయాయి, ఆ ఆకలి వల్లే మేయోలో భూమి ఉద్యమం, ల్యాండ్ లీగ్ పుట్టింది. ఈ పిల్లల పేర్ల పక్కన జబ్బు గడిలో తట్టు అని, దాని కింద "డాక్టర్ చూడలేదు" అని ఉంది. కబురు చెప్పినవాళ్ళు అనే గడిలో తండ్రి పేరు, ఇంటూ గుర్తు. రెండో ఎంట్రీలోనూ అదే పేరు, అదే ఇంటూ గుర్తు. మా ఆయన ఆ పేజీ కాపీకి డబ్బులు కట్టి బయటికెళ్ళిపోయారు, నేను మిగతా పుస్తకాలు తిరిగిచ్చేసి వచ్చాను.

మూడో రోజు, స్ట్రోక్స్‌టౌన్

కారు అద్దెకి తీసుకున్నాం, డ్రైవింగ్ నాదే. ఐర్లాండ్‌లో ఎడమ పక్కనే నడపాలి, మా ఆయనకి అలవాటు లేదు, నాకు విజయవాడ ట్రాఫిక్‌లో నేర్చుకున్న చేయి కాబట్టి రౌండబౌట్లు తప్ప ఏం ఇబ్బంది లేదు.

దారిలో రాస్‌కామన్ కౌంటీలో స్ట్రోక్స్‌టౌన్ దగ్గర ఆగాం, ఒక జమీందారు పెద్ద బంగళా ఆవరణలో నేషనల్ ఫామిన్ మ్యూజియం ఉంది. కరువు అనగానే మనకి వానలు లేక పంట పోవడం గుర్తొస్తుంది, ఐర్లాండ్‌లో 1845లో వచ్చింది వేరే, బంగాళాదుంపకి తెగులు. ధాన్యం పండింది, పశువులు ఉన్నాయి, వాటిలో బోలెడు ఓడలెక్కి వెళ్ళిపోయాయి, బంగాళాదుంప మీదే బతికే కౌలు రైతులకి మాత్రం తిండి లేదు. పది లక్షల మంది చనిపోయారు, పది లక్షలకి పైనే దేశం వదిలారు. మేయో ఒక్కటే చూసుకుంటే 1841లో 3,88,887 మంది ఉన్న కౌంటీ 1851కి 2,74,499 అయింది.

ఈ మ్యూజియం పుట్టిందే ఎస్టేట్ ఆఫీసులో దొరికిన కాగితాల వల్ల, యాభై వేలకి పైగా, శిస్తు లెక్కలు, నోటీసులు, రైతులు పెట్టుకున్న అర్జీలు. 1847లో ఈ ఎస్టేట్ యజమాని డెనిస్ మహన్ 1,490 మంది కౌలుదార్లని కెనడా పంపించేయడానికి నిర్ణయించాడు, వాళ్ళకి తిండి పెట్టడం కంటే ఓడ టికెట్లు చవకని లెక్క తేలింది. అంతమందీ రాయల్ కెనాల్ గట్టు వెంబడే డబ్లిన్ దాకా నడిచారు, దాదాపు 165 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి లివర్‌పూల్, అక్కణ్ణుంచి క్విబెక్. దాదాపు సగంమంది దారిలోనో క్వారంటైన్‌లోనో పోయారు. ఆ నవంబర్‌లో మహన్‌ని కాల్చి చంపారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అప్పటి చట్టం ప్రకారం నాలుగు పౌండ్లలోపు విలువ కట్టిన కౌలు భూమికి పేదల పన్ను కౌలుదారు కట్టక్కర్లేదు, భూస్వామే కట్టాలి. వినడానికి బీదవాళ్ళకి మేలు చేసినట్టే ఉంటుంది. కానీ దాంతో చిన్న కౌలుదారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ భూస్వామికి ఖర్చే, ఇల్లు కూల్చేసి మనిషిని పంపేస్తే ఆ ఖర్చు లేదు. మొన్న రాత్రి గ్రిఫిత్ పుస్తకంలో నేను చూసిన విలువలన్నీ ఆ నాలుగు పౌండ్లకి చాలా కిందే ఉన్నాయి.

నాలుగో రోజు

రోజంతా వాన. కాసిల్‌బార్‌లో కౌంటీ లైబ్రరీ, దగ్గర్లో టర్లో పార్క్ అనే చోట పల్లె జీవితం మీద నేషనల్ మ్యూజియం బ్రాంచి చూశాం. గడ్డి తాళ్ళు, చేపల బుట్టలు, పొయ్యిలో కాల్చే పీట్ మట్టి కోసే పొడుగాటి పారలు. వెస్ట్‌పోర్ట్‌లో పడుకున్నాం.

అయిదో రోజు, అకిల్

మైకేల్ డేవిట్ బ్రిడ్జి దాటితే దీవి. మొదటి బ్రిడ్జి 1887లో కట్టారు, ల్యాండ్ లీగ్ పెట్టిన డేవిట్ వచ్చి ప్రారంభించాడు, ఆయనా మేయో వాడే, చిన్నప్పుడు వాళ్ళ ఇల్లు భూస్వామి కూల్చేస్తే ఇంగ్లండ్ వెళ్ళి మిల్లు మెషీన్‌లో చెయ్యి పోగొట్టుకున్నవాడు. ముత్తాత వెళ్ళింది 1888లో, అంటే ఈ బ్రిడ్జి మీదుగానే నడిచి వెళ్ళుంటారు.

ముందు స్లీవ్‌మోర్ కొండ కింద పాడుపడ్డ ఊరు చూశాం. కొండవాలుకి అడ్డంగా వరసగా ఎనభై, వంద దాకా రాతి ఇళ్ళు, కప్పు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పెట్టి కట్టినవి. ఒక్కో ఇంటికి ఒక్కటే గది. నేను ఒక ఇంట్లోకి వెళ్ళి అడుగులతో కొలిచాను, పొడుగు పదకొండు అంగలు, వెడల్పు అయిదు. ఒక పక్క మనుషులు, కిందికి వాలుగా ఉన్న పక్క ఆవు. గుమ్మం బయట నిలబడి చూస్తే కొండవాలంతా దువ్వినట్టు గట్లు కనిపిస్తాయి, బంగాళాదుంపలు వేసిన బోదెలు, ఎవరూ దున్నక వందేళ్ళు దాటినా ఎండ వాలినప్పుడు ఆ నీడలు తెలుస్తున్నాయి. అకిల్ ఫీల్డ్ స్కూల్ వాళ్ళు చాలా ఏళ్ళు ఇక్కడ తవ్వకాలు చేశారు.

గ్రిఫిత్ లెక్కలో ఈ దీవి పేజీల్లో భూమి ఇచ్చినవారు అనే చోట పదే పదే ఒకటే మాట, అకిల్ మిషన్ ట్రస్టీలు. ఎడ్వర్డ్ నాంగల్ అనే ప్రొటెస్టెంట్ పాస్టర్ 1830లలో ఇక్కడ మిషన్ కాలనీ పెట్టాడు, స్కూలు, ఆస్పత్రి, ప్రింటింగ్ ప్రెస్, కరువు తర్వాత 1850లలో దీవిలో ఎక్కువ భాగం ఆ మిషనే కొనేసింది. ఆకలి రోజుల్లో సూపు పోసి మతం మార్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు, ప్రాణాలు నిలబెట్టింది వాళ్ళే అనేవాళ్ళూ ఉన్నారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, ఆకలితో ఉన్నవాడి నోటి ముందు గిన్నె పెట్టి షరతు మాట్లాడటం తప్పే, గిన్నె పెట్టకుండా చూస్తూ కూర్చోవడం ఇంకా పెద్ద తప్పు.

అక్కణ్ణుంచి డూఆ. సముద్రం పక్కనే రోడ్డు, రోడ్డు వెంబడి ఊరు. ఇక్కడ మాకు ఉన్న చిక్కేంటంటే గ్రిఫిత్‌లో ముత్తాతకి తాత కావాల్సిన మనిషి ఎవరో తేలలేదు, మా ఇంటిపేరు వాళ్ళు డూఆలో నలుగురు ఉన్నారు. ఇక్కడి భూమి రన్‌డేల్ పద్ధతిలో ఉండేది, అంటే నలుగురైదుగురు కలిసి కౌలుకి తీసుకుని, మంచి నేల చెడ్డ నేల అందరికీ సమానంగా వచ్చేట్టు చిన్న చిన్న పేలికలుగా పంచుకుంటారు, అందుకని పుస్తకంలో ఒకే నంబరు కింద ఎ, బి, సి అని పేర్లు వరసగా ఉండి అందరికీ కలిపి ఒక బ్రాకెట్ పెట్టి ఉంటుంది. ఇళ్ళ విలువ ఒక్కోటి అయిదు షిల్లింగులు. ఆ నలుగురిలో ఎవరు?

పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నానమ్మ పేరు. ఐర్లాండ్‌లో పాతకాలం కుటుంబాల్లో చాలామంది ఇలా పెట్టుకున్నారు, అందరూ కాదు, కానీ వేరే ఏ ఆధారం లేనప్పుడు ఇదే దిక్కు. ముత్తాత రెండో కొడుకు. పెద్ద కొడుకు, అంటే ఊళ్ళో తల్లి దగ్గర ఉండిపోయినాయన పేరు 1901 సెన్సస్‌లో ఉంది, గ్రిఫిత్‌లో నలుగురిలో ఆ పేరున్నది ఇద్దరు. ఇద్దర్నీ వేరు చేయడానికి ఒకాయన పేరు పక్కన బ్రాకెట్లో "ఎర్రవాడు" అని రాశారు.

ఊళ్ళో ఒక పెద్దాయన ఇంటి ముందు కంచె బాగుచేసుకుంటుంటే మా ఆయన వెళ్ళి మాట కలిపారు. ఇంటిపేరు చెప్పగానే ఆయన, ఏ వాళ్ళు, అని అడిగారు. మాకు అర్థం కాలేదు. ఇక్కడ ఒకే ఇంటిపేరు సగం ఊరికి ఉంటుంది కాబట్టి ఇళ్ళకి వేరే పేర్లు ఉంటాయిట, తాత పేరో జుట్టు రంగో తగిలించి పిలుచుకుంటారు. ఆయన మూడు ఇళ్ళ పేర్లు చెప్పారు. మూడోది ఎర్రవాళ్ళు. క్లీవ్‌లాండ్ వెళ్ళినవాళ్ళు వాళ్ళే, ఇద్దరో ముగ్గురో వెళ్ళారు, మా అమ్మ చెప్పేది అన్నారు. మా ఆయన టోపీ తీసి తల చూపించారు. ఇప్పుడు నెరిసింది గానీ పెళ్ళి ఫొటోల్లో చూస్తే తెలుస్తుంది, రాగి బిందె రంగు. పెద్దాయన గట్టిగా నవ్వేసి లోపలికి పిలిచి టీ ఇచ్చారు, వాళ్ళావిడ బ్రెడ్డూ వెన్నా పెట్టింది, రెండు గంటలు కూర్చున్నాం. జుట్టు రంగు ఋజువు కాదని నాకు తెలుసు. పేరు, ఊరు, నామకరణం వరస, బ్రాకెట్లో మాట, పెద్దాయన అమ్మ చెప్పిన మాట, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి, ఇలాంటి చోట దొరికే ఋజువు ఇంతే.

ఆ ఇంటి స్థలం రోడ్డు పైన, ఇప్పుడు వేరేవాళ్ళ గొర్రెల దొడ్డి. పాత మ్యాప్ ఫోన్‌లో పెట్టుకుని నంబరు చూసుకుంటూ వెళ్ళాం, ఓనర్‌ని అడిగి లోపలికెళ్ళాం. ఒక గోడ మూల మిగిలింది. మా ఆయన అక్కడ నిలబడి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశారు, సిగ్నల్ సరిగ్గా లేక ఆవిడకి సగం సగమే వినిపించింది, అయినా ఏడ్చింది.

ఆరో రోజు, కిల్‌డావ్‌నెట్

దీవి దక్షిణ కొసన సముద్రపు గట్టున శ్మశానం. వాళ్ళ కుటుంబం సమాధి ఏమన్నా దొరుకుతుందేమోనని వెళ్ళాం, దొరకలేదు, చాలా సమాధులకి పేరు లేని మామూలు రాయే ఉంది. కానీ ఇక్కడ చూడాల్సిన స్మారకాలు రెండు ఉన్నాయి. 1894 జూన్ 14న అకిల్ కుర్రాళ్ళూ అమ్మాయిలూ స్కాట్లాండ్‌లో బంగాళాదుంపలు ఏరే పనికి వెళ్ళడానికి పడవలో వెస్ట్‌పోర్ట్ రేవుకి వెళ్తుంటే, పెద్ద స్టీమర్‌ని చూద్దామని అందరూ ఒక పక్కకి వచ్చారు, పడవ తిరగబడి 32 మంది మునిగిపోయారు. అప్పటికి రైలు లైను పూర్తిగా మొదలవనేలేదు, అకిల్‌కి వచ్చిన మొదటి రైలు ఈ శవాల్ని తెచ్చింది. 1937 సెప్టెంబర్‌లో స్కాట్లాండ్ కర్కిన్‌టిలోక్‌లో అదే దుంపల పనికి వెళ్ళిన పదిమంది అకిల్ కుర్రాళ్ళు పడుకున్న పాకకి నిప్పంటుకుని చనిపోయారు, ఆ పెట్టెల్ని తెచ్చింది ఆ లైను మీద చివరి రైళ్ళలో ఒకటి, ఆ నెలాఖరుకే లైను మూసేశారు. మొదటి బండీ చివరి బండీ శవాల్నే మోస్తాయని వందల ఏళ్ళ కిందట ఒక జోస్యం ఉందని ఇక్కడ ప్రతివాళ్ళూ చెప్తారు.

ఆ స్మారకాల మీద ఇంటిపేర్లన్నీ నేను వారంగా చదువుతున్నవే. పిల్లల్ని అంతదూరం పంపించింది శిస్తు డబ్బుల కోసమే, ఆ వేసవి కూలితోనే ఇక్కడ కౌలు కట్టేవాళ్ళు, అకిల్ నేల మీద పండేది ఇంటికే చాలదు.

మధ్యాహ్నం ఆ పాత రైలు కట్ట మీద కాసేపు సైకిల్ తొక్కాం, ఇప్పుడది వెస్ట్‌పోర్ట్ దాకా 42 కిలోమీటర్ల సైకిల్ బాట. గాలి ఎదురు కొడుతుంటే మల్రానీ దాకా వెళ్ళి ఆపేశాం.

ఏడో రోజు, మళ్ళీ డబ్లిన్

తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నానికి వచ్చేశాం, వాల్యుయేషన్ ఆఫీసు పాత పుస్తకాలు చూడాలి కాబట్టి. గ్రిఫిత్ లెక్క అయ్యాక కూడా దాన్ని ఏటేటా సరిచేస్తూ పోయారు, సాగుదారు చనిపోతేనో మారితేనో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసి, ఆ మార్పు చేసిన ఏడాదికి ఒక రంగు సిరా వాడతారు. పేజీ అంతా ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా. ఐర్లాండ్ రికార్డుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, 1850ల నుంచి 1970ల దాకా ఒక ఇంటి కథంతా ఒక గడిలో ఉంటుంది.

మా గడిలో ముందు ఎర్రవాడు, బ్రాకెట్‌తో సహా. 1871లో ఆయన పేరు కొట్టేసి కొడుకు పేరు. 1887లో నీలం సిరాతో అదీ కొట్టేసి, ఇంటూ గుర్తు పెట్టిన ఆ తల్లి పేరు. అంటే వాళ్ళ నాన్న పోయిన ఏడాదికో రెండేళ్ళకో ముత్తాత అమెరికా వెళ్ళారు, తేదీలు అలా కుదిరాయి, డబ్బు పంపడానికే వెళ్ళుండాలి. తర్వాత పెద్ద కొడుకు పేరు, దాని పక్కన ఎల్.ఏ.పి. అని రబ్బరు ముద్ర. ల్యాండ్ యాక్ట్ కింద కౌలుదారు ఆ భూమిని తనే కొనుక్కున్నాడని దానర్థం. భూమి ఇచ్చినవారు అనే చోట ట్రస్టీల పేరు మీద అడ్డగీత, దాని పైన "సొంతం" అని. మా ఆయన ఆ గడిని ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, తీసి, వెంటనే వాళ్ళమ్మకి పంపారు.

ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. 1911లో బతికున్న అయిదుగురిలో ఇద్దరు క్లీవ్‌లాండ్, ఒకరు డూఆ, ఇంకా ఇద్దరెక్కడో తెలియదు. ఇద్దరూ ఆడపిల్లలు, 1901 నాటికే ఇంట్లో లేరు. పెద్దాయన ఇంట్లో టీ తాగుతున్నప్పుడు ఆయన భార్య, అమ్మాయిలైతే స్కాట్లాండ్‌లో చూడండి, దుంపల పనికి వెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకున్నవాళ్ళు చాలామంది అంది. స్కాట్లాండ్ పెళ్ళి రిజిస్టర్లలో 1855 నుంచి ఇద్దరి అమ్మానాన్నల పేర్లూ, అమ్మల పుట్టింటి పేర్లతో సహా రాస్తారు, అది చాలు మాకు. వాళ్ళ సైట్‌లో క్రెడిట్స్ కొన్నాను, పెద్దమ్మాయి పేరుతో గ్లాస్గో చుట్టుపక్కల పెళ్ళిళ్ళు పదకొండు వచ్చాయి, ఒక్కోటీ తెరిచి తల్లి పేరు చూసుకుంటూ వెళ్ళాలి.